తగ్గదన్న జబ్బుకు మెక్‌లీన్ ఇచ్చిన జవాబు

అమెరికాలో బోస్టన్ నగరం పక్కనే బెల్మాంట్ అనే ఊరుంది. అక్కడ ఒక గుట్ట మీద, చెట్ల మధ్య విడివిడిగా కట్టిన భవనాల్లో 1895 నుంచి ఒక మానసిక వైద్యశాల నడుస్తోంది. పేరు మెక్‌లీన్ ఆస్పత్రి. సంస్థ వయసు ఇంకా ఎక్కువే. 1818లో చార్లెస్‌టౌన్‌లో మొదటి రోగులను చేర్చుకుంది. బెల్మాంట్ స్థలం ఎంపికలో సలహా ఇచ్చినవాడు ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్, న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేసిన మనిషి. చివరి రోజుల్లో మతి సన్నగిల్లి ఆయనే ఇక్కడ రోగిగా చేరి, 1903లో ఇక్కడే కన్నుమూశాడు. కవులు సిల్వియా ప్లాత్, రాబర్ట్ లోవెల్ కూడా ఈ గదుల్లో గడిపినవాళ్లే.

ఈ పేర్లు చాలామందికి తెలుసు. కానీ మానసిక వైద్య చరిత్రలో మెక్‌లీన్ వేసిన అసలు ముద్ర వేరే ఉంది. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే జబ్బు కథలో మూడు ముఖ్య ఘట్టాలు ఈ ఒక్క ఆవరణలోనే జరిగాయి. ఆ జబ్బు పేరు చెప్పి ఒక అమ్మాయిని రెండేళ్లకు దగ్గరగా వార్డులో ఉంచింది ఇక్కడే. ఆ జబ్బును గుర్తుపట్టే కొలతలు రాసిన డాక్టరు పనిచేసింది ఇక్కడే. ఆ జబ్బు వచ్చినవాళ్లు ముందుముందు ఏమవుతారో చూద్దామని వందలమందిని రెండు దశాబ్దాలు దాటి వెంబడించిందీ ఇక్కడి బృందమే. మూడో ఘట్టంలో తేలిన నిజం మొదటి రెండు ఘట్టాల నాటి నమ్మకాలను తలకిందులు చేసింది.

1967 ఏప్రిల్‌లో సుసానా కేసన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయిని ఒక డాక్టరు పరీక్షించి, అప్పటికప్పుడు టాక్సీ ఎక్కించి మెక్‌లీన్‌కు పంపాడు. అంతకుముందు ఆమె మాత్రలు మింగి ప్రాణం తీసుకోబోయింది. కొద్దివారాల విశ్రాంతి అనుకుని వెళ్లిన పిల్ల 1969 జనవరిలో గానీ బయటికి రాలేదు. దాదాపు పాతికేళ్ల తర్వాత లాయరు సాయంతో ఆస్పత్రి నుంచి తన కేసు కాగితాలు తెప్పించుకుంది. తన జబ్బు పేరు 'బోర్డర్‌లైన్ పర్సనాలిటీ' అని వాటిలో రాసి ఉంది. ఆ కాగితాలను కూడా చేర్చి 1993లో ఆమె అచ్చువేసిన పుస్తకం 'గర్ల్, ఇంటరప్టెడ్'. 1999లో అది సినిమాగా వచ్చి, ఏంజెలీనా జోలీకి ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ తెచ్చిపెట్టింది.

ఆ కాగితాల మీద సంతకాలు పడే నాటికి అమెరికా మానసిక వైద్యుల అధికారిక జాబితాలో అలాంటి జబ్బే లేదు. 1968లో వెలువడిన రెండో జాబితాలోనూ దానికి చోటు దక్కలేదు. డాక్టర్ల నోళ్లలో మాత్రం ఆ మాట అప్పటికి ముప్పై ఏళ్లుగా నలుగుతోంది.

న్యూయార్క్‌లో మనోవిశ్లేషణ చేసే అడాల్ఫ్ స్టెర్న్ 1938లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ రోజుల్లో మానసిక రోగులను రెండు గుంపులుగా చూసేవారు. మొదటిది ఆందోళన, దిగులు లాంటి బాధలున్నా వాస్తవం మీద పట్టు తప్పని న్యూరోసిస్ రోగుల గుంపు. రెండోది భ్రమల్లోకి జారిపోయే సైకోసిస్ రోగుల గుంపు. కొందరు ఈ రెంటిలో దేనికీ చెందరని స్టెర్న్ గమనించాడు. చిన్నమాటకు విలవిల్లాడతారు. వైద్యం సాగేకొద్దీ కుదుటపడాల్సింది పోయి ఇంకా కుంగిపోతారు. వీళ్లను ఆయన సరిహద్దు గుంపు అన్నాడు. 1953లో రాబర్ట్ నైట్ ఈ స్థితి గురించి రాసిన వ్యాసంతో ఆ మాట ఆస్పత్రుల్లోకి పాకింది. వియన్నాలో పుట్టి, నాజీల బారి నుంచి కుటుంబంతో చిలీకి పారిపోయి, అక్కడి నుంచి అమెరికా చేరిన ఒట్టో కెర్న్‌బర్గ్ 1967లో దానికి ఒక సిద్ధాంతం కట్టాడు. ఎదుటి మనిషిలోని మంచినీ చెడునూ ఒకేసారి పట్టుకోలేక పూర్తిగా మంచి, పూర్తిగా చెడు అని చీల్చి చూడటం వీళ్ల మనసు తీరు అన్నది అందులో కీలకమైన మాట.

సిద్ధాంతాలు పెరిగాయి గానీ రోగుల గతి మారలేదు. ఎవరు ఈ గుంపులోకి వస్తారో, ఎవరు రారో చెప్పే కొలబద్ద లేదు. డాక్టరుకు కొరుకుడుపడని రోగులందరికీ ఈ పేరు అంటగట్టే అలవాటు వచ్చింది. రోగి కోపగించుకుంటే, తనను తాను గాయపరచుకుంటే, డాక్టరు సెలవు మీద వెళ్లినందుకు కుమిలిపోతే, అందరి దృష్టీ తనమీద పడాలని ఆడుతున్న నాటకమని సిబ్బంది చెప్పుకున్నారు. ఇది మారని స్వభావమని, వైద్యం దండగని నమ్మకం పాతుకుపోయింది. బాధ పడుతున్న మనిషిని చూసి విసుక్కోవడం వైద్యంలో ఇంత మామూలుగా మారిన జబ్బులు తక్కువ.

ఈ గజిబిజిని విడదీసినవాడు జాన్ గండర్సన్. 1975లో మనస్తత్వవేత్త మార్గరెట్ సింగర్‌తో కలిసి అంతవరకు వచ్చిన రచనలన్నిటినీ జల్లెడపట్టి, డాక్టర్లందరూ ఒప్పుకునే లక్షణాలేవో వేరుచేశాడు. మెక్‌లీన్‌లో పనిచేస్తూ 1978లో జోనథన్ కోల్బ్‌తో కలిసి ఆ లక్షణాలను రోగుల మీద పరీక్షించి చూశాడు. స్కిజోఫ్రీనియా, డిప్రెషన్ రోగుల నుంచి వీళ్లను విడదీసి గుర్తించవచ్చని తేల్చాడు. 1979లో రాబర్ట్ స్పిట్జర్ బృందం చేసిన సర్వే దానికి తోడైంది. ఆ బలంతో 1980లో వచ్చిన మూడో జాబితాలోకి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అధికారికంగా చేరింది. అప్పుడు ఎనిమిది లక్షణాలు, 1994 నుంచి తొమ్మిది. వాటిలో కనీసం ఐదు ఉంటేనే ఆ పేరు పెట్టాలి.

ఆ తొమ్మిదినీ మామూలు మాటల్లో చెప్పుకోవచ్చు. అయినవాళ్లు వదిలేసి పోతారేమోనన్న భయం, పోకుండా ఆపడానికి పడే తాపత్రయం. నిన్న దేవుడిలా కనిపించిన మనిషి ఇవాళ పగవాడిలా తోచే సంబంధాలు. తానెవరో, తనకేం కావాలో నిలకడగా తెలియకపోవడం. ఖర్చులోనో, మత్తులోనో, తిండిలోనో, బండి నడపడంలోనో ఒళ్లు మరిచిన తొందరపాటు. పదేపదే ఆత్మహత్యకు ప్రయత్నించడం, తనను తాను గాయపరచుకోవడం. గంటల్లో తారుమారయ్యే మనఃస్థితి. లోపలంతా ఖాళీ అనిపించే బాధ. అదుపు తప్పే కోపం. ఒత్తిడి పెరిగినప్పుడు కొద్దిసేపు కమ్ముకునే అనుమానాలు, లేదా తనలో తాను లేనట్టు అనిపించడం.

పేరు స్థిరపడ్డాక కారణాల మీద వెతుకులాట మొదలైంది. 1989లో జూడిత్ హెర్మన్, క్రిస్టఫర్ పెరీ, బెసెల్ వాన్ డెర్ కోక్ ప్రచురించిన అధ్యయనంలో ఈ రోగుల్లో 81 శాతం మంది చిన్నతనంలో తీవ్రమైన గాయాలు అనుభవించినట్టు తేలింది. దెబ్బలు, లైంగిక హింస, ఇంట్లో పెద్దల మధ్య కొట్లాటలు చూస్తూ పెరగడం అందులో ఉన్నాయి. నాటకమని కొట్టిపారేసిన ప్రవర్తన వెనక ఏముందో ఆ సంఖ్య చెప్పింది. అయితే అలాంటి బాల్యం లేనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది, ఉన్నవాళ్లందరికీ రాదు. స్వీడన్ జనాభా రికార్డుల ఆధారంగా ఇటీవల వేసిన లెక్కలో వంశపారంపర్యం వాటా సుమారు 46 శాతం అని వచ్చింది. పుట్టుకతో వచ్చే సున్నితత్వం, పెరిగిన వాతావరణం రెండూ కలిసి పనిచేస్తాయన్నది నేటి అవగాహన. కాబట్టి ప్రతి రోగి తల్లిదండ్రులనూ బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

ఇక అసలు ప్రశ్న. ఇరవై ఏళ్ల వయసులో ఈ జబ్బుతో ఆస్పత్రిలో చేరిన మనిషి నలభైలో ఎలా ఉంటాడు? అరవైలో?

జబ్బు తగ్గదన్న డాక్టర్లలో ఎక్కువమందికి ఆ సంగతి తెలిసే వీలే లేదు. వాళ్ల ముందుకు వచ్చేది మళ్లీ మళ్లీ చేరే రోగులే. కోలుకున్నవాళ్లు ఆస్పత్రికి తిరిగిరారు గదా! ఇంటికి వెళ్లిపోయినవాళ్లను వెతికి పట్టుకుంటేనే నిజం తెలుస్తుంది.

ఆ పని ముగ్గురు మొదలుపెట్టారు. మేరీలాండ్‌లోని చెస్ట్‌నట్ లాడ్జ్ ఆస్పత్రి పాత రోగుల కోసం థామస్ మెక్‌గ్లాషన్, న్యూయార్క్ స్టేట్ సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్ పాత రోగుల కోసం మైకేల్ స్టోన్, మాంట్రియల్‌లో జోయెల్ పారిస్ పాత రిజిస్టర్లు తిరగేసి, మనుషుల ఆచూకీ తీశారు. ముగ్గురికీ దొరికిన సమాధానం దాదాపు ఒకటే. నడివయసుకు వచ్చేసరికి చాలామంది చెప్పుకోదగ్గంతగా కుదుటపడ్డారు. పారిస్ తన రోగులను 27 ఏళ్ల తర్వాత మళ్లీ చూసి 2001లో ఫలితం ప్రకటించాడు. అప్పటికి వాళ్ల సగటు వయసు యాభై దాటింది. ఇంకా ఆ జబ్బు లక్షణాలు పూర్తిగా ఉన్నవాళ్లు 8 శాతమే.

అదే లెక్కలో గుండె పిండే అంకె కూడా ఉంది. నూటికి పదిమంది ఆత్మహత్య చేసుకున్నారు. అలా పోయినవాళ్ల సగటు వయసు 37. అంటే ఇరవైల్లో పదేపదే ఆస్పత్రికి పరుగెత్తిన కాలం కన్నా, వైద్యాలన్నీ వికటించి, చుట్టూ మనుషులు పలచబడిన ముప్పైల్లోనే ఎక్కువ ప్రాణాలు పోయాయి.

పాత రిజిస్టర్ల మీద ఆధారపడిన ఈ పనికి ఒక లోటుంది. అప్పటి రోగ నిర్ధారణ ఎంత కచ్చితమో ఎవరు చెప్పగలరు? ఆ లోటు తీర్చడానికి మేరీ జనారిని 1992లో మెక్‌లీన్‌లో కొత్త అధ్యయనం మొదలుపెట్టింది. అక్కడ చేరిన 18 నుంచి 35 ఏళ్ల వయసు రోగుల్లో, కట్టుదిట్టమైన పరీక్షలతో జబ్బు నిర్ధారించిన 290 మందిని తీసుకుంది. పోల్చిచూడటానికి వేరే వ్యక్తిత్వ రుగ్మతలున్న 72 మందిని చేర్చుకుంది. రెండేళ్లకోసారి ప్రతి ఒక్కరినీ కలిసి అవే ప్రశ్నలు అడిగించింది. ఊళ్లు మారినా, పెళ్లిళ్లయి ఇంటిపేర్లు మారినా బృందం వాళ్లను వదల్లేదు.

ఆరేళ్ల నాటి ఫలితాలు 2003లో వెలువడ్డాయి. అప్పటికే మూడింట రెండొంతుల మందికి పైగా జబ్బు నిర్వచనం నుంచి బయటపడ్డారు. పదేళ్లకు 93 శాతం మంది కనీసం రెండేళ్లపాటు ఆ లక్షణాలు లేకుండా గడిపారు. పదహారేళ్లకు ఆ సంఖ్య 99 శాతం. ఎనిమిదేళ్లపాటు ఏకబిగిన లక్షణాలు లేకుండా ఉన్నవాళ్లే 78 శాతం. తగ్గదని ముద్రవేసిన జబ్బు మీద ఇంత స్పష్టమైన తీర్పు అంతకుముందు ఎన్నడూ రాలేదు. అమెరికాలోనే పలు ఆస్పత్రులు కలిసి చేసిన మరో పదేళ్ల అధ్యయనం 2011లో ఇంచుమించు ఇదే చెప్పింది.

జనారిని అక్కడితో ఆగకుండా ఇంకో ప్రశ్న వేసింది. లక్షణాలు పోవడమంటే బతుకు చక్కబడటమేనా? ఆమె దృష్టిలో కోలుకోవడమంటే లక్షణాలు పోవాలి, మనసు పంచుకునే స్నేహమో తోడో కనీసం ఒకటుండాలి, ఉద్యోగమో చదువో ఇంటిపనో పూర్తిస్థాయిలో నిలకడగా సాగాలి. ఈ కొలతతో చూస్తే పదేళ్లకు అక్కడికి చేరింది సగం మందే. పదహారేళ్లకు 60 శాతం.

లక్షణాలన్నీ ఒకే వేగంతో పోవని కూడా తేలింది. గాయపరచుకోవడం, ఆత్మహత్యాయత్నాలు, తొందరపాటు పనులు ముందుగా తగ్గుముఖం పడతాయి. లోపలి ఖాళీ, ఒంటరితనపు భయం, కోపం ఏళ్ల తరబడి వెంట వస్తాయి. ముప్పై ఐదేళ్ల మనిషి చేతి మీద కొత్త గాయాలు లేవు కాబట్టి బాగైపోయాడని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ మనిషికి ఉద్యోగం నిలవక, స్నేహం కుదరక పడే అవస్థ మాత్రం అలాగే ఉంటుంది. సాయం అవసరం తీరిపోలేదు, దాని రూపం మారింది అంతే.

ఈలోగా వైద్యం కూడా దారి మార్చుకుంది. అందులో పెద్ద అడుగు వేసిన మనిషి ఒకప్పుడు ఇలాంటి వార్డులోనే మగ్గింది. ఓక్లహామాకు చెందిన మార్షా లినెహాన్‌ను 1961లో పదిహేడేళ్ల వయసులో కనెటికట్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్‌లో చేర్చారు. స్కిజోఫ్రీనియా అని తేల్చి మందులు, కరెంటు షాకులు ఇచ్చారు, ఒంటరి గదిలో పెట్టారు. 26 నెలల తర్వాత బయటపడ్డ ఆమె తనలాంటివాళ్లను ఆ నరకం నుంచి తప్పిస్తానని ప్రతిన పూనింది. చదువుకుని సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైంది. ఒళ్లంతా కాలిన మనిషికి చేయి తగిలినా ఎంత మంటో, ఈ రోగుల మనసుకు చిన్నమాట తగిలినా అంత మంట అని ఆమె వివరించింది. రోగి బాధ నిజమని ముందు ఒప్పుకోవాలి, ఆపైన మారడానికి కావలసిన మెళకువలు ఒక్కొక్కటిగా నేర్పాలి. ఈ రెంటినీ జోడించిన ఆమె పద్ధతి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే డీబీటీ. దాని మొదటి ప్రయోగ ఫలితాలు 1991లో వచ్చాయి. 101 మంది స్త్రీలతో చేసిన 2006 నాటి ప్రయోగంలో, పేరున్న నిపుణుల వైద్యంతో పోల్చినా డీబీటీ తీసుకున్నవాళ్లలో ఆత్మహత్యాయత్నాలు సగమే కనిపించాయి. తన సొంత కథను ఆమె 2011 వరకు లోకానికి చెప్పలేదు. చెప్పింది కూడా తనను బంధించిన ఆ ఆస్పత్రిలోనే.

లండన్‌లో ఆంథొనీ బేట్‌మన్, పీటర్ ఫోనగీ మరో దారి పట్టారు. తన మనసులోనూ ఎదుటివాళ్ల మనసులోనూ ఏం జరుగుతోందో నిదానంగా ఊహించడం నేర్పడం వాళ్ల పద్ధతి. చేరిన ఎనిమిదేళ్లకు చూస్తే వాళ్ల రోగుల్లో 13 శాతం మందికే జబ్బు మిగిలింది. మామూలు వైద్యం పొందినవాళ్లలో ఆ సంఖ్య 87 శాతం.

ఇలాంటి శిక్షణ పొందినవాళ్లు ప్రతి ఊళ్లో దొరకరు గదా అన్న చింత గండర్సన్‌ది. మామూలు సైకియాట్రిస్టు కూడా ఈ రోగులను బాగా చూసుకోగలగాలని ఆయన పట్టుబట్టాడు. 2009లో టొరంటోలో 180 మంది రోగులతో చేసిన ప్రయోగం ఆయన మాటను నిలబెట్టింది. ఈ జబ్బు ఎరిగిన డాక్టర్లు క్రమపద్ధతిలో చేసిన సాధారణ వైద్యం ఏడాది తర్వాత డీబీటీతో సమానంగా నిలిచింది. 2019లో మరణించేవరకు గండర్సన్ ఆ పద్ధతిని నేర్పుతూనే ఉన్నాడు. ఇక మందుల విషయం. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా మందులు వాడవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2009లోనే సూచించింది. తోడుగా డిప్రెషన్ లాంటివి ఉంటే వాటికి వాడే మందుల సంగతి వేరు.

జీవితకాలపు రెండు కొసలను వైద్యలోకం మరీ ఆలస్యంగా పట్టించుకుంది. జబ్బు తరచుగా మొదలయ్యేది పద్నాలుగు, పదిహేనేళ్ల ప్రాయంలో. ఆ వయసు పిల్లలందరూ అంతేలే అని, ముద్ర పడితే భవిష్యత్తు పాడవుతుందని డాక్టర్లు పేరు పెట్టడానికి వెనకాడారు. మంచి ఉద్దేశంతో చేసిన ఆ పనివల్ల పిల్లలకు ఏళ్ల తరబడి సరైన సాయం అందలేదు. మెల్‌బోర్న్‌లో ఆండ్రూ చానెన్ ఈ ధోరణిని ఎదిరించి, 15 నుంచి 25 ఏళ్ల వాళ్ల కోసం 'హైప్' అనే క్లినిక్ పెట్టాడు. ముదరకముందే అందుకుంటే చదువులు ఆగవు, స్నేహాలు తెగవు అన్నది ఆయన వాదం. ఏడాదికి పైగా లక్షణాలు నిలిచి ఉంటే పద్దెనిమిది నిండనివాళ్లకూ నిర్ధారణ చేయడానికి అమెరికా జాబితా ఒప్పుకుంటోంది. ఆస్ట్రేలియా 2012 మార్గదర్శకాలు కూడా కౌమారంలో గుర్తించడాన్ని సమర్థించాయి.

రెండో కొస ముసలితనం. గాయపరచుకోవడం మానేసిన మనిషిని పాత కొలతలు పట్టుకోలేవు. మందు వేసుకోననడం, తిండి మానేయడం, చూసుకునేవాళ్లతో రోజూ తగవు, తీరని ఒంటినొప్పులు లాంటి రూపాల్లో పాత భయమే పైకి వస్తుంది. తోడు పోవడం, పిల్లలు దూరం కావడం మానిన పుండును మళ్లీ రేపుతాయి. ఇంట్లోవాళ్లకు అది చాదస్తంగా కనిపిస్తుంది.

ఆ వయసు దాకా అందరూ చేరరు కూడా. జనారిని బృందం 24 ఏళ్ల లెక్క తీసినప్పుడు ఆత్మహత్యతో పోయినవాళ్లు 5.9 శాతం అయితే, ఇతర కారణాలతో పోయినవాళ్లు 14 శాతం. కోలుకోనివాళ్లలో ఊబకాయం, మధుమేహం, రక్తపోటు, నడుంనొప్పి ఎక్కువని అదే బృందం ముందే గమనించింది. అకాలంగా పోయినవాళ్లలో ఎక్కువమంది కోలుకోనివాళ్లే. మనసు జబ్బున్న మనిషికి షుగరు, బీపీ చూసే డాక్టరు కూడా అంతే అవసరమని దీని అర్థం.

2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో జాబితా వ్యక్తిత్వ రుగ్మతలను రకాలుగా విడగొట్టడం మానేసి, తీవ్రతను బట్టి కొలవమంటోంది. అయినా బోర్డర్‌లైన్ తీరు అన్న గుర్తును మాత్రం అట్టిపెట్టింది. ఆ పేరుతో వైద్యం పొందుతున్నవాళ్లకు దారి మూసుకుపోకూడదన్న ఆలోచన అందులో ఉంది.

తెలుగు ఇళ్లలో ఈ బాధకు పెట్టే పేర్లు వేరు. మొండిది, పొగరుబోతు, బెదిరించి పనులు చేయించుకునే రకం అంటారు. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందంటారు. అరవై ఏళ్ల కింద అమెరికా వార్డుల్లో సిబ్బంది అన్న మాటలకూ వీటికీ తేడా లేదు. ఆ మాటలు తప్పని అక్కడ నిరూపణ అయింది. ఇక్కడ చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో ఒక అమ్మాయో అబ్బాయో ఈ లక్షణాలతో నలిగిపోతుంటే తిట్టకండి, దాచకండి, వయసు వస్తే పోతుందని చూస్తూ కూర్చోకండి. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చాలామందికి ఇది తగ్గే జబ్బు. తగ్గేదాకా ఆ మనిషిని కాచుకోవాల్సింది మనమే.